పెద్దమ్మ ఎడమ కన్ను

నంద్యాలలో మాది నేల బండల అంగడి. గది పొడవూ వెడల్పూ చెప్పి, వాకిలి ఏ మూలన ఉందో, గోడ ఎంత వంకర తిరిగిందో చెబితే చాలు, ఎన్ని బండలు పడతాయో, కోత ఎక్కడ పడుతుందో నోటిలెక్కతోనే చెప్పేస్తాను. ఈ విద్య నాకెవరూ నేర్పలేదు. పదో తరగతితో చదువు ఆగిపోయాక ఊరకుండలేక, పై తరగతుల లెక్కల పుస్తకాలు పాతవి సంపాదించి నా అంతట నేనే వాటితో కుస్తీ పట్టాను. లెక్క తప్పిందంటే ఎక్కడ తప్పిందో పట్టుకోగలనన్న ధీమా ఉంది. ఆ ధీమా దెబ్బతినేది ఒక్క చోటే, బండ రంగు ఎంచుకునే దగ్గర. మొగుడు బాగుందంటాడు, పెళ్లాం బాగలేదంటుంది. ఎందుకు బాగలేదమ్మా అని అడిగితే, ఏమోక్కా, బాగలేదంతే అంటుంది. ఆ 'అంతే' వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఇన్నేళ్ల వ్యాపారంలో అలవాటు కావాల్సింది, కాలేదు. ఆ మంట అంగడిలో పుట్టింది కాదు మరి. చిన్నప్పుడు ఆళ్లగడ్డలో, మా పెద్దమ్మ ఇంట్లో అంటుకున్నది.

మొన్న అన్న ఫోన్ చేసినప్పుడు అది మళ్లీ రాజుకుంది. అన్న అంటే పెద్దమ్మ కొడుకు. పెద్దమ్మ పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకం నాటికి పొలంలో, ఆమె సమాధి పక్కన, తల నుంచి భుజాల దాకా ఆమె రాతి బొమ్మ నిలబెట్టాలని అన్న పూనుకున్నాడు. రాతి బొమ్మలకు పేరుపడ్డ ఆళ్లగడ్డలో ఉన్నవాడికి శిల్పికి కరువేముంది. కరువంతా చూసి చెక్కడానికి ఫోటోకే. పెద్దమ్మ తన ఫోటోలన్నీ బాగలేవని ఒక్కొక్కటే చించి పొయ్యిలో వేసింది, పెళ్లినాటి దానితో సహా. గుర్తింపు కార్డు మీది బొమ్మ ఒక్కటి మిగిలింది. అదీ చించితే బియ్యం ఇవ్వరన్న భయంతో వదిలిపెట్టింది. వేలెడంత లేని ఆ బొమ్మను పెద్దది చేయించి, నుదురెంత, ముక్కెంత, గడ్డమెంత, దేనికేది ఎన్నో వంతు అని నేనే లెక్కగట్టి బొమ్మ చెక్కే ఆచారికి పంపాను. మొహం తయారైందని, కళ్లు ఒక్కటే మిగిలాయని, నేనొచ్చి సరేనంటేనే తెరిపిస్తానని, టేపు మరిచిపోవద్దని అన్న ఫోన్‌లో చెప్పాడు. మావైపు శిల్పులు కళ్లు ఆఖరున చెక్కుతారు. కన్ను తెరిచేదాకా అది రాయి. తెరిచాక దాని మీద ఇంక ఉలి పెట్టరు. అందుకే అన్న గొంతులో ఆ ఆత్రం. "పిల్లోల్లకు రేపు ఈ రాయే అవ్వ అయితాది పాపా. మనకు గూడా కొన్నాళ్లకు ఈ మొహమే గుర్తుంటాది. ఈడ తప్పు పోయిందంటే అమ్మ మొహం పోయినట్టే," అన్నాడు.

బస్సులో కూర్చున్నాక ఆ ఇంటి వాసనలే ముందుగా వచ్చాయి. మాది అవుకు దగ్గర పల్లె. అక్కడ హైస్కూలు లేక నాయన నన్ను ఆళ్లగడ్డలో, మా అమ్మకు అక్క అయిన ఈ పెద్దమ్మ ఇంట్లో దించిపోయాడు. పెదనాయన పొద్దున్నే చేనికి పోతే మాపటికి గానీ రాడు. వచ్చినా మాట తక్కువ మనిషి. ఇల్లంతా పెద్దమ్మదే. నిద్ర లేచేసరికి నాపబండల నేల మీద నీళ్లు చల్లి చీపురుతో తోసిన చల్లదనం, తడిసిన బండ వాసన, పొయ్యి మీద జొన్నరొట్టె కాలే వాసన, వీధి చివరి శిల్పుల కొట్టాల నుంచి ఉలి చప్పుడు. ఆ కొట్టాల రాతిపొడి గాలికి లేచి మా వేపచెట్టు మీద పడి, చెట్టు ఎప్పుడూ తల నెరిసినట్టే ఉండేది. వాన పడిన రోజు మాత్రం దానికి వయసు తగ్గేది. పెద్దమ్మ ఎడమ కన్ను కుడిదానికంటే చిన్నది. పెళ్లయిన కొత్తలో కళ్లంలో జొన్నలు తూర్పారబడుతుంటే పొట్టు పడి పుండైందట. మానాక రెప్ప సగానికి వాలిపోయింది. చూపుకేమీ కాలేదు. దేన్నయినా నిదానించి చూడాలంటే ఆ వాలిన కన్నును ఇంకొంచెం మూసి, గడ్డం పైకెత్తి, ఎదుట ఉన్నదాన్ని అవతలికి జరిపినట్టుగా చూసేది. రొట్టె, మడత పెట్టిన దుప్పటి, నా జడ, పెదనాయన తలగుడ్డ, ఏదీ ఆ చూపు తప్పించుకునేది కాదు. చూశాక రెండే మాటలు, బాగుంది, బాగలేదు. మొదటిది ఏడాదికొకసారి వినబడితే ఆ ఏడు పంట బాగా పండినట్టే.

నా లెక్కల పిచ్చి ముగ్గుతో మొదలైంది. మొదటి వరసలో ఇన్ని చుక్కలు పెట్టి వరసకు రెండేసి తగ్గించుకుంటూ పోతే మొత్తం ఎన్నవుతాయో వేయకముందే చెప్పగలిగేదాన్ని. చుక్క తప్పేది కాదు, గీత తప్పేది కాదు. పెద్దమ్మ బయటికొచ్చి గడ్డం ఎత్తేది. బాగలేదనేది. కావాలంటే చుక్కలు లెక్కపెట్టుకోమని నేను ఎదురు తిరిగేదాన్ని. "చుక్కలు సరిగానే ఉండాయి. ముగ్గే బాగలేదు," అని కాలితో చెరిపేసి లోపలికి పోయేది. ఎదురింటి ఓబులమ్మత్త ముగ్గును కూడా వదిలేది కాదు. మా వాకిట్లో నిలబడే, వీధి అవతలికి వినబడేట్టు, ఆ మూల గీతల ముక్కు వంకర పోయిందని చెప్పేది. ఓబులమ్మత్త వయసులో చిన్నదే గానీ నోటికి చిన్నది కాదు. నీ వాకిలి నువ్వు చూసుకో, నా వాకిట్లో నీ వంకర కన్నెందుకని అరిచేది. అరిచి, పెద్దమ్మ లోపలికి పోయిందని రూఢి చేసుకున్నాక, ఆ మూల చెరిపి మళ్లీ వేసేది. నేను గడప వెనక నుంచి చూసేదాన్ని. ఎంత తిట్టుకున్నా చెరపడం మాత్రం మానేది కాదు. నాకు అదే పెద్ద చిక్కు ప్రశ్న.

ఒకసారి తిరనాళ్లకని పావడ గుడ్డ కొనడానికి అంగడికి పోయాం. చిలకపచ్చ మీద ఎర్ర పూలున్న గుడ్డ పట్టుకుని నేను వదల్లేదు. నచ్చిందా, బాగుందా అని అడిగింది పెద్దమ్మ. రెండూ ఒకటే కదా అన్నాను. అంగడాయన తానులు విప్పుతూ నవ్వాడు. పెద్దమ్మ నవ్వలేదు. "ఒకటెట్ల అయితాదిమే. కారం నాకు నచ్చుతాది, నీకు నచ్చదు. దానికి తగువేముండాది? నా నోరు నాది, నీ నోరు నీది. బాగుందంటే మాత్రం నాకూ బాగుండాల, నీకూ బాగుండాల, ఆ బజార్లో పొయ్యేటోనికీ బాగుండాల. వాడు కాదంటే, నిలబడి ఇంగోసారి చూడ్రా అని చెప్పాల. చెప్తావా?" చెప్పలేనన్నాను. అయితే నచ్చిందని చెప్పు, కొనిస్తానంది. కొనిచ్చింది కూడా. ఆ పావడ చిరిగేదాకా కట్టుకున్నాను గానీ, బాగున్న పావడ కట్టుకున్నానన్న సుఖం పెద్దమ్మ ఒక్కనాడూ దక్కనివ్వలేదు.

దీని మీద ఇన్నేళ్లుగా తల బద్దలు కొట్టుకుంటూనే ఉన్నాను. లెక్క సరైనదంటే ఎందుకు సరైనదో చూపిస్తాం, కాబట్టి అందరూ ఒప్పుకోవాలి. తిండి రుచికి కారణం చూపించలేం, కాబట్టి ఎవరి రుచి వారిదని ఊరుకుంటాం. ఈ రెండూ నాకు అర్థమవుతాయి. పెద్దమ్మ మాత్రం లెక్కకుండే అధికారమూ కావాలంటుంది, రుచికుండే వెసులుబాటూ కావాలంటుంది. అందరికీ బాగుండాలట, ఎందుకో మాత్రం చెప్పదట. ఇదేం న్యాయం? ఎట్లా తెలుస్తుంది పెద్దమ్మా అని అడిగితే, చూడు అనేది. చూస్తున్నా కదా అంటే, ఇంకా చూడు అనేది. అంతకంటే ఒక్క మాట రాలేదు ఆమె దగ్గర నుంచి, చచ్చేదాకా.

ఆమెతో సంతకు పోవడమంటే నాకు తలకొట్టేసినట్టుండేది, శిల్పుల కొట్టాల ముందు నుంచి పోవాలి గనక. పెద్దాచారి, అంటే ఇప్పటి ఆచారి తండ్రి, ఆమె రావడం చూసి చెక్కుతున్న బొమ్మ మీద గోనెపట్టా కప్పేసేవాడు. ఏం ఆచారీ, రాయి గూడా ఎండకు వాడిపోతాదా అని ఆమె ఆగి మరీ అడిగేది. ఒకరోజు పట్టా కప్పే వీలు లేకపోయింది. అమ్మవారి విగ్రహం తీసుకుపోవడానికి ఏదో ఊరి పెద్దలొచ్చి చుట్టూ నిలబడి, ఆహా ఓహో అంటున్నారు. పెద్దమ్మ జనాన్ని తోసుకుని ముందుకు పోయింది. గడ్డం ఎత్తింది. నగలు బాగా చెక్కావంది. మొహం సంగతి ఎవరో అడిగారు. "మొహంలో ఎవురూ ల్యారు," అంది. నేను భూమిలోకి దిగిపోతే బాగుండుననుకున్నాను. ఆమె అంతటితో పోకుండా, పక్కన మట్టిలో పడి ఉన్న రోలు ముందు కూర్చుంది. దాని అంచు మీద అరచేయి తిప్పింది. ఇది బాగుంది అంది.

పెద్దాచారి మొహం రాతి కంటే గట్టిపడింది. "అది అన్నం తిన్నాక ఊరక కొట్టిందమ్మా," అన్నాడు. "అందుకే," అంది పెద్దమ్మ. రోలు ఇంటికొచ్చింది. మరునాడు నేను బడి నుంచి వస్తూ, కొట్టాల దగ్గర మిగిలిన రోలు ఒకటి చూసుకుని, దారంతో దాని నోటి వెడల్పు, లోతు, నడుం చుట్టుకొలత తీసుకున్నాను. ఇంటికొచ్చి మా రోలును కొలిచాను. రెంటికీ వెంట్రుకంత తేడా లేదు. గెలిచానని దారం తీసుకుపోయి చూపించాను. కొలిస్తే తెలుస్తాదామే అని నవ్వి, ఆ దారంతోనే మల్లెలు కట్టుకుంది. ఆ రోట్లో నూరిన ఉరిబిండి పచ్చడి చాలా ఏళ్లు తిన్నాను. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. పెద్దదాన్నయ్యాక కూడా, ఆ ఇంటికి పోయినప్పుడల్లా, పెరట్లో ఆ రోలు పక్కన కూర్చుంటే చేయి దానంతటదే అంచు మీదికి పోయేది. ఎందుకు పోయేదో ఇప్పటికీ లెక్క తేలలేదు.

అప్పుడు కారణం చెప్పని మనిషితో విసిగిపోయాను. ఇప్పుడు తీర్పే చెప్పని మనుషులతో విసిగిపోతున్నాను. ఫోన్లో ఎవరి ఇల్లు, ఎవరి చీర, ఎవరి బిడ్డ కనబడినా బొటనవేలు ఎత్తడమే, సూపర్ అనడమే. మా అంగడిలో పాలరాతి ఫోటో అచ్చేసిన పలకలు వచ్చాయి. గోడ నిండా ఒకటే మచ్చ, ఒకటే చార, మళ్లీ మళ్లీ. ఒక్కసారి నిలబడి చూడండని చెప్పబోతే, మాకు నచ్చిందక్కా అంటారు. నచ్చిందంటే ఇంక తలుపు వేసేసినట్టే, లోపలికి దారి లేదు. కొత్త ఇల్లు చూపించి బాగుందా అని అడుగుతారు. జవాబు చెప్పడానికని కాసేపు చూస్తే, చూడడమే తప్పన్నట్టు మొహం మాడ్చుకుంటారు. బజార్లో పోయేవాణ్ని ఆపి ఇంకోసారి చూడమనే మనిషి కోసం ఒక్కోసారి ప్రాణం కొట్టుకుంటుంది. ఆ మనిషి నా చిన్నతనాన్ని ఎంత చేదు చేసినా సరే.

ఆచారి కొట్టంలో ఇప్పుడు ఉలి చప్పుడు తక్కువ, కోత మిషన్ మోత ఎక్కువ. మేం పోయేసరికి మిషన్ ఆపి, మొహానికి కట్టుకున్న గుడ్డ విప్పి, బొమ్మ మీది గోనెపట్టా తీశాడు. తండ్రి బుద్ధే వచ్చినట్టుంది. రాయి నల్లగా మెరుస్తోంది. కళ్లు ఉండాల్సిన చోట రెండు ఎర్రమట్టి గీతలు, చేపపిల్లల్లా, అచ్చంగా ఒకదానికొకటి సమానంగా. పక్క కొట్టం వాళ్లిద్దరు వచ్చి మహాలక్ష్మిలాగా ఉందన్నారు. అన్న నన్నే చూస్తున్నాడు. నేను టేపు తీసి నుదురు కొలిచాను, ముక్కు కొలిచాను, ముక్కు కింది నుంచి గడ్డం దాకా కొలిచాను. అన్నీ నేను పంపినవే. ఎక్కడా తప్పు లేదు. నాలుగడుగులు వెనక్కి వచ్చి చూశాను. ఇంకా చూశాను.

"బాగలేదు," అన్నాను.

ఆచారికి చర్రున వచ్చింది. "ఏం బాగలేదక్కా? నువ్వంపిన కొలతలే కదా. యాడ తప్పినానో చూపించు."

తప్పలేదన్నాను.

"తప్పకపోతే మళ్ల ఏందీ?"

"ఏమో ఆచారీ. బాగలేదంతే."

ఆ 'అంతే' నా నోటి నుంచే వచ్చింది. ఎవరి మీద విరుచుకుపడాలో తెలియక అక్కడే నిలబడిపోయాను. ఇంత వయసుకు, ఇన్ని లెక్కలు నేర్చి, చివరికి తేలింది ఇదా అని నా మీద నాకే ఒళ్లు మండింది. ఆచారి ఉలి నేల మీద పడేసి, ఇట్లాంటి బేరాలు తనకొద్దని, కొలతలిచ్చేదీ వాళ్లే కొలతలు కాదనేదీ వాళ్లేనని గొణుక్కుంటున్నాడు. అన్న అతని చేయి పట్టుకున్నాడు. "ఆచారీ, రాయిని కాదు, మా పాపను చూడు. అమ్మ ఇట్లనే చూస్తాండె," అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు, నా గడ్డం పైకి లేచి ఉందని, ఎడమ కన్ను సగం మూతపడి ఉందని. ఇంకొకటీ తెలిసింది. కార్డుకు ఫోటో తీసిన రోజు పెద్దమ్మ వెంట నేనే పోయాను. కంటిపాపలు పట్టే మిషన్‌కు కళ్లు అందడం లేదని అక్కడి పిల్లగాడు పెద్దగా తెరువమ్మా, ఇంకా తెరువని సతాయిస్తే, ఆమె విసుక్కుని రెండు కళ్లూ గుడ్లగూబలాగా తెరిచింది. బతికినన్నాళ్లూ ఆ మొహం ఆ ఒక్క క్షణమే పెట్టింది. నేను దాన్ని వంతులుగా విడగొట్టి, లెక్కగట్టి, రాతికెక్కించాను.

ఎడమ కన్ను వాల్చమంటే ఆచారి ససేమిరా అన్నాడు. అది పొగరు కాదు, భయం. విగ్రహానికి కళ్లు ఎచ్చుతగ్గులైతే ఇంటికి కీడని వాళ్ల వంశంలో చెప్పుకుంటారు. "రేపు మీ ఇంట్లో ఎవురికి కండ్లకలక వచ్చినా నా ఉలి మీదికే వస్తారన్నా. ఒక్కటి చెప్పు. ఈమెకు టెంకాయ కొడతావా, కొట్టవా? కొట్టేటట్లయితే ఈమె దేవత. దేవతకు నేను వంకర కన్ను పెట్టను," అన్నాడు. అన్న కోరికంతా అక్కడే ఉంది. ఏటా విత్తనం వేసే ముందు అమ్మకు టెంకాయ కొట్టి మొదలుపెట్టాలని బొమ్మ అనుకున్న రోజు నుంచి చెబుతున్నాడు. అతను భుజం మీది తువ్వాలతో రాతి నుదుటి మీది పొడి తుడుస్తూ నిలబడ్డాడు, జ్వరం వచ్చిన మనిషికి తుడిచినట్టు.

"దేవతలకు ఈడ కొదవేముండాది ఆచారీ. మా అమ్మ ఒక్కతే ఉన్నింది," అన్నాడు చివరికి. "టెంకాయ కొట్టంలే. ఎడమ కన్ను వాల్చు."

ఆచారి ఎర్రమట్టి గీతలు తడిగుడ్డతో తుడిచేసి, నన్ను ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టాడు. ఆ చూపే పెట్టమన్నాడు. కావాలని పెడితే వస్తుందా, రాలేదు. అతను కదలవద్దంటాడు, మళ్లీ గడ్డం ఎత్తమంటాడు, ఎత్తితే అంత వద్దంటాడు. మోత, పొడి, ఉక్క. మధ్యాహ్నం అన్నానికి కూడా లేవనివ్వలేదు. కోపంగా ఉండక్కా అన్నాడు ఒకసారి. ఉన్నానన్నాను. అవును, ఇప్పుడు సరిగ్గా ఉంది అని ఉలి అందుకున్నాడు.

సంవత్సరీకం నాడు బొమ్మను పొలంలో నిలబెట్టారు. తెల్లవారుజామున నేనే దిమ్మె ముందు చుక్కల ముగ్గు వేశాను. బంధువులు ఒక్కొక్కరే వచ్చి చూశారు. ఇంత చిడచిడలాడుతున్నట్టు చేయించారేంటని ఒకరు, కొంచెం నవ్వు పెట్టించి ఉండాల్సిందని ఒకరు, ఆ కన్ను రాయి పగిలి అట్లా అయిందా అని ఇంకొకరు. ఎవరికీ బాగుండలేదు. నిలబడి ఇంకోసారి చూడండని ఒక్కొక్కరికీ చెప్పాను. చూడకుండానే భోజనాల వైపు పోయారు. అన్న దూరంగా గట్టు మీద కూర్చుని వాళ్ల మాటలన్నీ వింటున్నాడు. టెంకాయ వదులుకున్నందుకు ఇప్పుడు బాధపడుతున్నాడేమోనని నాకు గుబులుగా ఉంది.

ఓబులమ్మత్త అందరికంటే ఆలస్యంగా, మనవరాలి చేయి పట్టుకుని, చెరుకు మళ్ల గట్టు మీద నుంచి మెల్లగా వచ్చింది. బొమ్మ ముందుకొచ్చి ఆగింది. తల ఎత్తి చూసింది. చూస్తూనే, జారిన పైట లాగి భుజం మీద సరిచేసుకుంది. తరవాత ఆమె కళ్లు నేల మీదికి దిగి, నా ముగ్గు చుట్టూ తిరిగి, ఒక మూలన ఆగాయి.

"ఈడ ముక్కు వంకర పోయిందిమే. చెరిపి మళ్ల ఎయ్యి. ఆయమ్మ చూస్తాండాది," అంది.

గట్టు మీద అన్న లేచి నిలబడ్డాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో అంత దూరం నుంచి తెలియలేదు. చుక్కలు సరిగానే ఉన్నాయని చెప్పబోయాను. వంగి, ఇంకోసారి చూశాను. కొంగు దోపుకుని, ఆ మూల కాలితో చెరిపాను.